థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ చెడిందో లేదో మల్టీమీటర్‌తో తేల్చుకోవడం ఎలా

“తక్కువ స్పీడులో వెళ్తుంటే బండి జర్క్ ఇస్తోంది, సిగ్నల్ దగ్గర ఆపితే ఐడిల్ పడిపోయి ఇంజిన్ ఆగిపోతోంది, షెడ్డులో టీపీఎస్ (థ్రాటిల్ పొజిషన్ సెన్సర్) పోయిందన్నారు, కొత్తది వేయించమంటారా?” అన్న ప్రశ్న పాత పెట్రోల్ కార్లు వాడేవారి నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది. కొలిచి చూడకుండా వేయించవద్దన్నదే నా సమాధానం. చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో పీ0122 అనో పీ0123 అనో కోడ్ కనిపించగానే సెన్సర్ మార్చేయడం చాలా షెడ్లలో అలవాటైపోయింది. ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కు, చేరిన వోల్టేజీ మరీ తక్కువగా ఉందని మొదటి కోడ్, మరీ ఎక్కువగా ఉందని రెండో కోడ్ చెబుతాయి, అంతకు మించి ఏమీ చెప్పవు. దానికి కారణం సెన్సర్ కావచ్చు, ఎలుక కొరికిన వైరు కావచ్చు, చిలుము పట్టిన కనెక్టర్ పిన్ను కావచ్చు. వీటిలో ఏది అన్నది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ మీ ఇంటి ముందే తేల్చి చెబుతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి యాక్సిలరేటర్ కేబుల్‌తో థ్రాటిల్ తెరుచుకునే ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కు విడిగా ఇంజెక్టర్‌తో ఇంధనం అందే) పెట్రోల్ కార్లకు, అంటే మారుతి 800, జెన్, మొదటి తరం ఆల్టో, పాత వ్యాగన్ఆర్, శాంత్రో వంటి వాటికి ఉద్దేశించినది. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ గురించి చివర్లో విడిగా రాశాను. అది చదవకుండా ఆ కార్ల మీద ఈ పద్ధతిని ప్రయోగించకండి.

సెన్సర్ గురించి తెలియాల్సింది కొంచెమే. థ్రాటిల్ బాడీలో గాలిని ఆపే బటర్‌ఫ్లై పలక ఉంటుంది. దాని ఇరుసుకు ఒక చివర కేబుల్ చక్రం, రెండో చివర ఈ సెన్సర్ ఉంటాయి. సెన్సర్ లోపల ఒక కార్బన్ పట్టీ మీద చిన్న బ్రష్ జరుగుతూ ఉంటుంది. పాత రేడియోలో శబ్దం పెంచే నాబ్ లోపల ఉండేది కూడా ఇదే అమరిక. పట్టీ ఒక కొసకు ఈసీయూ 5 వోల్టులు ఇస్తుంది, రెండో కొస ఎర్త్, బ్రష్ నుంచి వచ్చే మూడో వైరు సిగ్నల్. పెడల్ వదిలినప్పుడు సిగ్నల్ సుమారు అర వోల్టు దగ్గర ఉండి, పూర్తిగా తొక్కేసరికి 4 వోల్టులు దాటాలి, 4.7 దాకా రావచ్చు. ఊరిలో నడిపేటప్పుడు థ్రాటిల్ ఎక్కువ సమయం కొద్దిగా మాత్రమే తెరిచి ఉంటుంది కాబట్టి, పట్టీ కూడా మొదటి భాగంలోనే ఎక్కువగా అరుగుతుంది. అందువల్లే రెండు కొసల్లోనూ రీడింగ్ సరిగ్గా ఉన్న సెన్సర్ కూడా చెడిపోయినదే కావచ్చు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా పరీక్షంతా సులభంగా అర్థమవుతుంది.

కావలసినవి

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. ఖరీదైనది అక్కరలేదు గాని, డిస్‌ప్లే కింద బార్‌గ్రాఫ్ గాని, కనిష్ఠ గరిష్ఠ విలువలను పట్టి ఉంచే బటన్ గాని ఉంటే చాలా మేలు. ముల్లు తిరిగే పాత అనలాగ్ మీటర్ ఇంట్లో ఉంటే దాన్నీ దగ్గర పెట్టుకోండి, ఈ పనిలో దానికి ప్రత్యేకమైన ఉపయోగం ఉంది.

సన్నని గుండుసూదులు రెండు మూడు, మీటర్ ప్రోబ్‌లకు తగిలించే మొసలి క్లిప్పులు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, టార్చి లైటు. పెడల్ తొక్కడానికి మరొకరు ఉంటే మంచిది. ఎవరూ లేకపోతే బానెట్ కింద మీటర్‌కు ఎదురుగా ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకుంటూ మీరే తొక్కవచ్చు. తర్వాత ఆ వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే కంటికి అందని తడబాట్లు కూడా కొన్ని దొరుకుతాయి.

వీలైతే మీ కారు మోడల్ వైరింగ్ చిత్రం సంపాదించండి. అది లేకపోయినా పని ఆగదు.

మొదలుపెట్టే ముందు

ఇంజిన్ చల్లగా ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి గేరు న్యూట్రల్‌లో ఉంచాలి. ఈ పరీక్షలో ఇంజిన్ స్టార్ట్ చేసే అవసరం ఎక్కడా రాదు. ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేస్తాం. బ్యాటరీ వోల్టేజీ ముందు కొలవండి. 12.4 కంటే తక్కువ ఉంటే చార్జ్ చేసి మొదలుపెట్టండి.

మీటర్‌లో ఎర్ర వైరు ఎక్కడ గుచ్చి ఉందో తప్పక చూడండి. అది 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోతే, ప్రోబ్‌లు తగిలించగానే మీటర్ ఒక తీగ ముక్కలా పనిచేసి ఈసీయూ ఇచ్చే 5 వోల్టులను నేరుగా ఎర్త్‌కు కలిపేస్తుంది. ఈసీయూ ధర ముందు సెన్సర్ ధర ఎంత చిన్నదో తెలిసిందే. వోల్టులు, ఓమ్‌లు కొలిచే రంధ్రంలోనే ఎర్ర వైరు ఉండాలి. నాబ్‌ను డీసీ 20 వోల్టుల రేంజ్‌కు తిప్పండి. వీ అక్షరం పక్కన సరళ రేఖ, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ. అలల గీత ఉంటే ఏసీ.

మీ మీటర్ ఆటో రేంజ్‌ది అయితే రేంజ్ బటన్ నొక్కి వోల్టుల్లో స్థిరపరచండి. లేకపోతే సిగ్నల్ అర వోల్టు దాటే చోట మీటర్ మిల్లీవోల్టుల నుంచి వోల్టులకు మారుతూ ఒక క్షణం ఖాళీగా నిలుస్తుంది. ఆ ఖాళీని చూసి సెన్సర్‌లో లోపం ఉందని పొరబడి, మంచి సెన్సర్‌ను పారేసే ప్రమాదం ఉంది.

పరీక్ష

1. ముందు కంటితో చూడండి. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ తాళం నొక్కి నెమ్మదిగా ఊడదీయండి; వైర్లు పట్టుకుని లాగవద్దు. టార్చి వేసి లోపలి పిన్నులను చూడండి. ఆకుపచ్చగా గాని తెల్లగా గాని పొడి కనిపిస్తే అది చిలుము. వర్షాకాలంలోనూ, ఇంజిన్ గదిని నీళ్లతో కడిగించాకా సమస్య మొదలైందంటే మొదటి అనుమానం ఇదే. కనెక్టర్ చుట్టూ ఉండే రబ్బరు సీలు చిరిగిందేమో చూడండి. తర్వాత వైర్ల వెంట ఒక మూర దూరం చేత్తో తడుముతూ వెళ్లండి. ఆరుబయట, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపే కార్లలో ఎలుకలు వైరు పైపొరను కొరికి, లోపలి రాగి తీగలో సగం తెంపి వదిలేస్తాయి. పైన చుట్టిన టేపు వల్ల అది బయటకు కనిపించదు. కారుకు పాతకాలపు ఎల్‌పీజీ గాని సీఎన్‌జీ గాని కిట్ బిగించి ఉంటే, ఆ కిట్ కోసం టీపీఎస్ సిగ్నల్ వైరును గీరి అతుకు వేసి ఉండే అవకాశం ఉంది. సోల్డర్ లేకుండా మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కనిపిస్తే ముందు దాన్ని సరిచేయండి, ఆ తర్వాతే మీటర్ తీయండి.

2. మూడు పిన్నులను గుర్తించండి. కనెక్టర్ ఊడదీసి ఉండగానే ఇగ్నిషన్ ఆన్ చేసి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్‌కు క్లిప్పు వేసి, ఎర్ర ప్రోబ్‌తో వైరింగ్ వైపు పిన్నులను ఒక్కొక్కటిగా తాకండి. ఒకటి 5 వోల్టులు చూపాలి. ఆ తర్వాత ఇగ్నిషన్ ఆపి, మీటర్‌ను ఓమ్‌లకు మార్చి, మిగతా రెండు పిన్నులకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య నిరోధం చూడండి. దాదాపు సున్నా చూపేది ఎర్త్, మిగిలినది సిగ్నల్. కొన్ని కార్లలో సిగ్నల్ పిన్ను కూడా ఖాళీగా ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గర కనిపిస్తుంది. అలాంటప్పుడు గాభరా పడకండి, కనెక్టర్ తిరిగి బిగించాక పెడల్‌తో పాటు ఏ వైరు వోల్టేజీ కదులుతుందో అదే సిగ్నల్. నాలుగు పిన్నులుంటే నాలుగోది సాధారణంగా ఐడిల్ స్విచ్. పెడల్ వదిలినప్పుడు ఒక స్థితి, కాస్త తొక్కగానే మరో స్థితి చూపుతుంది.

ఇగ్నిషన్ ఆన్ ఉండగా సెన్సర్ ఊడదీసినందుకు చెక్ ఇంజిన్ లైటు వెలగవచ్చు. పని అయ్యాక కోడ్ చెరిపేస్తే సరిపోతుంది.

3. సరఫరా, ఎర్త్ రెండూ నిక్కచ్చిగా ఉన్నాయో లేదో తేల్చుకోండి. కనెక్టర్‌ను తిరిగి సెన్సర్‌కు బిగించి, వెనుక వైపు నుంచి, వైరు పక్కగా రబ్బరు సీలుకూ వైరుకూ మధ్య గుండుసూదిని మెత్తగా దూర్చండి. లోహం తగిలినట్టు చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపేయండి. రెండు సూదులు ఒకదానికొకటి తాకకుండా వేర్వేరు దిక్కులకు వంచి పెట్టాలి. వైరు మధ్యలో సూది గుచ్చి కొలవడం షెడ్లలో కనిపించే పద్ధతే అయినా మీరు అలా చేయకండి, ఆ రంధ్రంలోంచి తేమ చేరి కొన్ని నెలల్లో వైరు లోపలే చిలుము పడుతుంది.

ఇగ్నిషన్ ఆన్ చేసి, సరఫరా వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూడండి. 4.9 నుంచి 5.1 వోల్టుల మధ్య ఉంటే బాగున్నట్టు. తర్వాత ఎర్ర ప్రోబ్‌ను సెన్సర్ ఎర్త్ వైరు మీద పెట్టండి. 0.1 వోల్టు కంటే తక్కువ ఉండాలి. అంతకు మించితే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. అది సరికాకుండా కొత్త సెన్సర్ వేసినా సిగ్నల్ అంతే తప్పుగా వస్తుంది.

5 వోల్టులు అసలు రాకపోతే సెన్సర్‌ను నిందించే ముందు ఒక పని చేయండి. చాలా కార్లలో అదే 5 వోల్టుల సరఫరా మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచేది) వంటి వాటికీ వెళ్తుంది. ఇగ్నిషన్ ఆపి మ్యాప్ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, మళ్లీ ఆన్ చేసి కొలవండి. ఇప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తే, సరఫరాను లాగేస్తున్నది మ్యాప్ సెన్సరే.

4. రెండు కొసల రీడింగ్ రాసుకోండి. ఎర్ర ప్రోబ్ సిగ్నల్ మీద, నల్ల ప్రోబ్ సెన్సర్ ఎర్త్ మీద ఉంచండి. పెడల్ వదిలి ఉన్నప్పుడు చాలా కార్లలో 0.4 నుంచి 0.7 వోల్టుల మధ్య ఉంటుంది, పూర్తిగా తొక్కినప్పుడు 4 దాటాలి. కచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి మారుతుంది, మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ మాటే చివరిది. వదిలినప్పుడు వచ్చిన రీడింగ్‌ను మూడు నాలుగు సార్లు తొక్కి వదిలి చూడండి. ప్రతిసారీ అదే అంకెకు రావాలి. ఒకసారి 0.52, మరోసారి 0.61 అని వస్తుంటే ఇరుసు గాని కేబుల్ గాని ఎక్కడో పట్టేస్తోంది.

5. ఇప్పుడు అసలు పరీక్ష. పెడల్‌ను వదిలిన స్థితి నుంచి పూర్తిగా తొక్కే వరకు వీలైనంత నిదానంగా, కనీసం పదిహేను ఇరవై సెకన్లు పట్టేలా నొక్కించండి. మీ కళ్లు మీటర్ మీదే ఉండాలి. అంకె ఎక్కడా ఆగకుండా, వెనక్కి తగ్గకుండా పెరుగుతూ పోవాలి. 0.52, 0.58, 0.65, 0.71 అని పెరుగుతూ వచ్చి, ఒక్కసారిగా 0.08కి పడి, వెంటనే 0.84 అని కనిపించిందంటే ఆ చోట కార్బన్ పట్టీ అరిగిపోయినట్టే. అదే వేగంతో వెనక్కి వదిలిస్తూ కూడా చూడండి. మొదటి వోల్టున్నర దాకా ఉన్న భాగాన్ని మరీ మరీ, అయిదారు సార్లయినా పరీక్షించండి. బండి జర్క్ ఇచ్చేది ఏ వేగంలోనో అక్కడ థ్రాటిల్ ఉండేది ఈ భాగంలోనే.

తక్కువ ధర డిజిటల్ మీటర్లు సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తాయి కాబట్టి, క్షణకాలం పడిపోయే సిగ్నల్ వాటి కంట పడకపోవచ్చు. బార్‌గ్రాఫ్ అంతకంటే చురుగ్గా కదులుతుంది. కనిష్ఠ విలువ పట్టి ఉంచే బటన్ ఉంటే, పెడల్ కొద్దిగా తొక్కి ఉంచి ఆ బటన్ నొక్కి, అక్కడి నుంచి పైకి మాత్రమే తొక్కించండి. మొదలైన అంకె కంటే కనిష్ఠం కిందికి వెళ్లిందంటే మధ్యలో పడిపోయినట్టు. అనలాగ్ మీటర్‌లో అయితే ముల్లు ఒక్కసారి వణికినా స్పష్టంగా తెలుస్తుంది. అనలాగ్ మీటర్ చూపే అంకె కాస్త తక్కువగా ఉండవచ్చు, దాన్ని పట్టించుకోకుండా ముల్లు నడకనే గమనించండి.

6. కదిలించి, తట్టి చూడండి. పెడల్‌ను ఒకే చోట స్థిరంగా తొక్కి పట్టించి, స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్ మీద మెత్తగా తట్టండి. తర్వాత కనెక్టర్‌ను, దాని వెనుక వైర్లను అటూ ఇటూ కదిలించండి. తట్టినప్పుడు రీడింగ్ ఎగిరితే సెన్సర్ లోపలి తప్పు, వైరు కదిలించినప్పుడు ఎగిరితే వైరు తప్పు. బండి వేడెక్కాకే సమస్య వస్తుందంటే, హెయిర్ డ్రయ్యర్‌తో సెన్సర్‌ను కాస్త వేడి చేసి అయిదో మెట్టు మళ్లీ చేయండి.

7. కావాలంటే ఓమ్‌లలోనూ చూడవచ్చు. ఇది వోల్టేజీ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ పిన్నుల మీదే కొలవాలి. సరఫరా, ఎర్త్ పిన్నుల మధ్య కొన్ని కిలో ఓమ్‌లు ఉండాలి, థ్రాటిల్ కదిపినా ఆ అంకె మారకూడదు. సిగ్నల్, ఎర్త్ పిన్నుల మధ్య మాత్రం థ్రాటిల్ తెరుస్తున్న కొద్దీ నిరోధం నిలకడగా పెరగాలి. కరెంటు ఉన్న సర్క్యూట్ మీద ఓమ్ పరీక్ష ఎప్పుడూ చేయకండి. కొత్త కార్లలో అయస్కాంతంతో పనిచేసే, రాపిడి లేని సెన్సర్లు ఉంటాయి. వాటికి ఈ ఓమ్ పరీక్ష వర్తించదు, వోల్టేజీ పరీక్షే దిక్కు.

వచ్చిన రీడింగ్‌ను అర్థం చేసుకోవడం

సిగ్నల్ ఎప్పుడూ 5 వోల్టుల దగ్గరే నిలిచి ఉంటే, ఎర్త్ తెగిపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఎర్త్ లేనప్పుడు బ్రష్ పట్టీ మీద ఎక్కడున్నా మీటర్‌కు మొత్తం 5 వోల్టులూ కనిపిస్తాయి. పీ0123 కోడ్ వచ్చిన కార్లలో మూడో మెట్టును దాటవేయవద్దని చెప్పేది ఇందుకే. ఎప్పుడూ సున్నాయే చూపుతూ, సరఫరా మాత్రం సరిగ్గా ఉంటే, సిగ్నల్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా బ్రష్ తెగింది. సెన్సర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆపి, సిగ్నల్ వైరుకూ బాడీకీ మధ్య ఓమ్‌లు చూస్తే ఏదో తెలిసిపోతుంది. దాదాపు సున్నా వస్తే వైరుదే తప్పు.

పెడల్ వదిలినప్పుడు రీడింగ్ 0.9 అలా ఎక్కువగా ఉంటే ముందు థ్రాటిల్ బాడీని చూడండి. పలక అంచుల్లో పేరుకున్న మసి వల్ల అది పూర్తిగా మూసుకోకపోవచ్చు, కేబుల్ మరీ బిగువుగా ఉండవచ్చు. ఇంకొకటి ముఖ్యమైనది ఉంది. ఐడిల్ పడిపోతోందని ఎవరో థ్రాటిల్ స్టాప్ స్క్రూను తిప్పి పలకను కొంచెం తెరిచి ఉంచితే, పెడల్ వదిలిన సంగతి ఈసీయూకు తెలియదు, ఐడిల్‌ను తన అదుపులోకి తీసుకోదు, దాంతో ఐడిల్ ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఇంకా పాడవుతుంది. ఆ స్క్రూ ఫ్యాక్టరీలో అమర్చినది. దాని తల మీద పెయింటు చెదిరి ఉంటే ఎవరో తిప్పినట్టే.

పూర్తిగా తొక్కినా 3.5 దాటకపోతే పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడుతోందేమో చూసి, తర్వాత బానెట్ కింద కేబుల్ చక్రాన్ని చేత్తో పూర్తిగా తిప్పి కొలవండి. చేత్తో తిప్పితే 4 దాటుతోందంటే సెన్సర్ బాగుంది, కేబుల్ వదులు సరిచేయాలి.

అయిదో మెట్టులో అంకె పడిపోతూ ఉంటే, వైర్లు కదిలించినా తేడా లేకపోతే, అప్పుడు నిశ్చింతగా సెన్సర్ మార్చవచ్చు. అరిగిన పట్టీని క్లీనర్ కొట్టి బాగు చేయలేం. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను సెన్సర్ లోపలికి కొట్టడం వల్ల బాగున్న సెన్సర్లు కూడా పాడవుతాయి. కాంటాక్ట్ క్లీనర్ కనెక్టర్ పిన్నులకు మాత్రమే.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లు

యాక్సిలరేటర్ కేబుల్ లేని కార్లలో థ్రాటిల్ బాడీ కనెక్టర్‌కు సాధారణంగా ఆరు పిన్నులుంటాయి. రెండు మోటారుకు, ఒకటి సరఫరా, ఒకటి ఎర్త్, మిగతా రెండు సిగ్నళ్లు. ఇగ్నిషన్ ఆన్ ఉండగా పలక దగ్గర వేలు పెట్టవద్దు, పలకను చేత్తో నెట్టవద్దు. మోటారు దాన్ని ఒక్కసారిగా మూసేస్తే వేలికి గాయమవుతుంది, లోపలి పళ్లచక్రాలూ దెబ్బతింటాయి. కదలిక పెడల్ ద్వారానే ఇవ్వాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కొన్ని కార్లలో పలక పూర్తిగా తెరుచుకోదు, అది లోపం కాదు. కొన్ని మోడళ్లలో ఒక సిగ్నల్ పెరుగుతుంటే మరొకటి తగ్గుతూ, రెండింటి మొత్తం ఎప్పుడూ 5 వోల్టుల దగ్గర ఉంటుంది. మరికొన్నింటిలో రెండూ వేర్వేరు వేగాలతో పెరుగుతాయి. ఆ పొంతన తప్పితే వచ్చే కోడ్ పీ2135. అటువంటి కార్లలో పెడల్ దగ్గర కూడా విడిగా సెన్సర్ ఉంటుంది కాబట్టి, రెండూ కొలవకుండా థ్రాటిల్ బాడీ మొత్తం మార్చడానికి ఒప్పుకోకండి.

మార్చాక

పాత సెన్సర్ విప్పే ముందు అది ఏ కోణంలో ఉందో మార్కర్‌తో గీత గీసుకోండి. కొత్తది పెట్టేటప్పుడు ఇరుసు కొస సెన్సర్ గాడిలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చున్నాక థ్రాటిల్ తిప్పితే స్ప్రింగు బిగువు తెలియాలి. స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉంటే సెన్సర్‌ను తిప్పి సర్దే వీలుందన్నమాట. ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటర్ తగిలించి, పెడల్ వదిలిన రీడింగ్ మాన్యువల్‌లో చెప్పిన అంకెకు వచ్చే దాకా సర్ది అప్పుడు బిగించండి. బిగించేటప్పుడు కూడా అది కాస్త జరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ చూడాలి.

అయిదో మెట్టును కొత్త సెన్సర్ మీద కూడా చేయండి. పెట్టెలోంచి తీసిన కొత్త భాగం బాగుందని ముందే నమ్మేయడానికి వీల్లేదు, ముఖ్యంగా చవకగా దొరికే నకళ్ల విషయంలో. కోడ్ చెరిపేసి, ఏసీ, లైట్లు ఆపి ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్ ముట్టుకోకుండా రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగే దాకా ఐడిల్‌లో వదిలేయండి. ఆ తర్వాత రెండో గేరులో నిదానంగా, అంతకు ముందు జర్క్ వచ్చిన వేగంలోనే కాసేపు నడిపి చూడండి. అదే కోడ్ మళ్లీ వస్తే సెన్సర్ దగ్గర కాకుండా ఈసీయూ కనెక్టర్ దగ్గర సిగ్నల్ వోల్టేజీ కొలవండి. రెండు చోట్లా అంకె ఒకటే కాకపోతే మధ్యలో ఉన్న వైరునే వెతకాలి.